మోటారు సైకిలు టైరును మనమే మార్చుకొనుట

మన సభ్యులలో పెక్కుమందికి నేడు మోటారు సైకిలు కాడియెద్దులవలె నిత్యావసరమైనది. పాలకేంద్రమునకు పాలను చేర్చుటయు, ఎరువుల బస్తాను పొలమునకు కొనిపోవుటయు దానిమీదనే జరుగుచున్నవి. అట్టి బండికి టైరు చెడినచో పట్టణమునకు పోవలసివచ్చును. నాట్ల దినములలో ఒక పూట పని చెడును. చేతితో పనిచేయు టైరు స్టాండు ఒకటి యున్నచో ఈ పనిని గ్రామముననే చేసికొనవచ్చును. ఆ విధానమును, దానికి మూలమైన సూత్రమును ఈ పాఠమున వివరించుచున్నాము.

టైరును ఎప్పుడు మార్చవలెను? 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము ద్విచక్ర వాహనపు టైరు గాళ్ల లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. గాళ్ల అడుగున చిన్న గట్టులు కొన్ని యుండును. టైరు అరిగి ఆ గట్టులతో సమమైనచో దాని ఆయువు తీరినదని తెలియవలెను. క్రొత్తది కొనునపుడు ప్రక్కగోడపై నుండు నాలుగంకెలను చూడుడు. 2324 అని యున్నచో అది 2024వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము.

ఇక సూత్రము. టైరు అంచులో ఉక్కుతీగ యున్నది. అది సాగదు. సాగని అంచు తనకంటె పెద్దదైన రిమ్ము గట్టును దాటుటెట్లు? రిమ్ము నడుమ పల్లము కలదు. అంచును ఒకవైపున ఆ పల్లములోనికి దింపినచో రెండవవైపున వదులు కలుగును. 1890లో ఇంగ్లండునందు చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ అను నతడు ఈ ఏర్పాటునకు పేటెంటు పొందెను. గాజులు తొడుగువారు గాజును సాగదీయరు. చేతిని ముడిచి, ఒదిగించి తొడుగుదురు. ఇదియు నట్టిదే. బలము చాలలేదని తోచినప్పుడెల్ల, ఎదుటివైపు అంచు పల్లములో నున్నదా యని చూడవలెనే కాని లివరును మరింత బలముగా ఎత్తరాదు. ఎత్తినచో అంచు తెగును, లేదా ట్యూబు నలుగును.

స్టాండునకు ముఖ్యభాగములు మూడు: రిమ్మును కదలనీయని కొక్కెములు, అంచును రిమ్మునుండి విడదీయు నొక్కుడు కడ్డీ, ఇరుసు రంధ్రముగుండ నిలుచు నడిమి కడ్డీ. స్టాండును కాంక్రీటు నేలకు బోల్టులతో బిగింపవలెను. లేనిచో అది చక్రముతో పాటు తిరుగును.

విప్పుట: చక్రమును బండినుండి తీసి, వాల్వు పిన్నును విప్పి గాలిని పూర్తిగా వదలుడు. వాల్వు నట్టును తీయుడు. డిస్కు బ్రేకు గల చక్రమైనచో డిస్కుపై బరువు పడనీయరాదు. నొక్కుడు కడ్డీతో చుట్టును రెండు ప్రక్కల అంచులను విడదీసి, సబ్బునీరు పూయుడు. కిరసనాయిలు, పెట్రోలు, గ్రీజు పూయరాదు. అవి రబ్బరును చెరచును. తరువాత వాల్వుకు ఎదుటి అంచును మోకాలితో పల్లములోనికి నొక్కి, వాల్వువద్ద లివరు పెట్టి ఎత్తుడు. ఆ లివరును నడిమి కడ్డీకి ఆనించి చుట్టును త్రిప్పినచో అంచు వెలుపలికి వచ్చును. ట్యూబును లాగి, రెండవ అంచును కూడ అట్లే తీయవలెను.

తొడుగుట: టైరు లోపల ముల్లు, మేకు ఉన్నవేమో గుడ్డతో తుడిచి చూడుడు. పుల్లల చక్రమైనచో రిమ్ము లోపలి పట్టీ సరిగా నుండవలెను. టైరుపై బాణపు గుర్తు ఉన్నచో అది చక్రము తిరుగు దిక్కును చూపవలెను. మొదటి అంచును ఎక్కించి, కొద్దిగా గాలి పట్టి గుండ్రమైన ట్యూబును ఉంచి, వాల్వు నట్టును రెండు చుట్లు మాత్రము త్రిప్పుడు. రెండవ అంచును వాల్వుకు ఎదుట మొదలిడి, వాల్వువద్ద ముగింపవలెను. విప్పునపుడు వాల్వువద్ద మొదలు, తొడుగునపుడు వాల్వువద్ద ముగింపు: ఈ యొక్క మాటను గుర్తుంచుకొన్నచో చాలును. పిమ్మట వాల్వును లోనికి ఒకసారి నొక్కి, ట్యూబు అంచు క్రింద నలుగలేదని చూచుకొనుడు.

గాలి కొట్టి, ప్రక్కగోడపై నుండు గీత రిమ్మునుండి చుట్టును సమానదూరమున నున్నదా చూడుడు. లేనిచో గాలి వదలి, సబ్బునీరు పూసి మరల కొట్టుడు. టైరుపై ముద్రించిన గరిష్ఠ అంకెను మించి గాలి కొట్టుట ప్రమాదకరము. చివరకు తయారీదారు చెప్పిన ప్రమాణమునకు తెచ్చి వాల్వు నట్టును బిగింపుడు.

వెనుక చక్రమును బిగించునపుడు గొలుసు సవరింపు గుర్తులు రెండువైపుల సమానముగా నుండవలెను. బ్రేకు ప్లేటును ఫ్రేముతో కలుపు కడ్డీ నట్టును, దాని పిన్నును మరువరాదు. అది యూడినచో దారిలో చక్రము బిగుసుకొని మనిషి పడును. క్రొత్త టైరు మొదటి 100, 150 కిలోమీటర్లు జారును. మలుపులలో నెమ్మదిగా నడుపవలెను.

ట్రాక్టరు, లారీ టైర్లను ఈ స్టాండుపై ప్రయత్నింపరాదు. లారీల విడిభాగముల రిమ్ము ఎగిరిన ప్రాణహాని కలుగును.

ఒక్కొక్క రైతు ఒక్కొక్క స్టాండును కొనుట దండుగ. టైరు మార్చుట ఏండ్లకొకసారి వచ్చు పని. సంఘము ఒక స్టాండును కొని గిడ్డంగి నేలకు బిగించి, ఇద్దరు యువసభ్యులకు పని నేర్పించి, వాడినవారివద్ద స్వల్పరుసుము తీసికొని పుస్తకమున వ్రాయించినచో అందరికిని మేలగును. వచ్చు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును ఆలోచింపగోరుచున్నాము.