బాటసారికి బస

కొత్త నగరమున అడుగిడిన బాటసారిని ఆకలికంటె ముందుగా పట్టుకొను చింత యొకటి కలదు. ఈ రాత్రి పరుండుట యెక్కడ? చేతినిండ ధనమున్నవానికి ఈ చింత లేదు. ఆ యూర బంధువులున్నవానికిని లేదు. ఈ రెండును లేనివారికొరకే లోకమునందంతటను చిన్న బసలు వెలసినవి. జపాను రాజధానియైన టోక్యో నగరమున అట్టి బసలు ఎట్లుండునో తెలిసికొందము. మన తెలుగు యువకులు చదువులకును, కంప్యూటరు కొలువులకును నేడు ఆ నగరమునకు పోవుచున్నారు. విద్యార్థులారా! మీలో ఎవరికైనను రేపు ఆ యవసరము కలుగవచ్చును. నేనును ఉద్యోగమునుండి విరమించిన పిమ్మట ఆ నగరమును చూడబోయి, చుండూరులో బడిపంతులుగా కూడబెట్టుకొన్న సొమ్మునకు తగినట్లు, తొమ్మిది రాత్రులు చిన్న బసలలోనే గడిపితిని.

టోక్యో మాటకు ముందు మన యింటి మాట కొంత చెప్పుకొనవలెను. తెలుగుదేశమున పూర్వము బాటసారికి రెండు దారులుండెను. ఒకటి సత్రము, రెండవది పూటకూళ్ల యిల్లు. సత్రమున తల దాచుకొనుటకు చోటు దొరకును. చాలచోట్ల వంట తానే చేసికొనవలెను. కొన్నిచోట్ల దాతలు అన్నమును గూడ పెట్టుచుండిరి. పూటకూళ్ల యింట డబ్బిచ్చి భుజింపవలెను. ఓరుగంటిలో ఒక రూకకు కమ్మని భోజనము పెట్టిన పూటకూళ్ల యింటి ప్రస్తావన ‘క్రీడాభిరామము’న కలదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’న పూటకూళ్లమ్మ యెవరో, గిరీశము ఆమె సొమ్ము నేమి చేసెనో మీరు పెద్ద తరగతులలో చదువుకొని నవ్వుకొందురు.

మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఆయన డేరాలు వెంట తీసికొనిపోగల సంపన్నులు. అయినను ‘కాశీయాత్రచరిత్ర’లో మజిలీ మజిలీకిని నీరు కలదా, అంగళ్లు కలవా, దిగుటకు చోటు కలదా యని గుర్తించుచునే పోయిరి. వెనుక వచ్చు బాటసారికి ముఖ్యముగా కావలసినవి ఆ మూడు సంగతులే.

జపానులోను ఈ రెండు దారులే యుండెనని తెలిసినపుడు నాకు ఆశ్చర్యము కలిగెను. టోక్యోకు ఎడో యని పేరున్న కాలమున, అనగా 1868కి పూర్వము, రాచబాటల వెంట భోజనము పెట్టు బసలను ‘హతాగో’ లనిరి. పేదవారు దిగునది ‘కిచిన్‌యాదో’. కి యనగా కట్టె, చిన్ అనగా వెల, యాదో యనగా బస. బాటసారి తన బియ్యము తాను తెచ్చుకొని, వంటకు కాల్చిన కట్టెలకు వెల యిచ్చి, అచటనే పరుండును. సత్రపు పొయ్యి ముందు కూర్చుండి వంట చేసిన మన అమ్మమ్మలకు ఈ లెక్కను ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు.

టోక్యో నగరపు ఈశాన్యభాగమున సాన్యా అను పేట కలదు. ఉత్తరదేశమునుండి వచ్చు రాచబాట నగరమున ప్రవేశించు చోట నుండుటచే అచట చిరకాలముగ ఇట్టి చౌకబసలు వెలసినవి. రెండవ ప్రపంచయుద్ధమున 1945లో ఆ ప్రాంతము బాంబులకు కాలిపోయెను. నిలువ నీడ లేనివారికొరకు మొదట గుడారములును, పిమ్మట కొయ్యబసలును లేచినవి. దినకూలీలు వేలకొలది చేరిరి. ప్రొద్దు పొడువకముందే వీధిలో నిలిచినచో పనికి పిలుచుకొనిపోవువారు వత్తురు. సాయంకాలము ఆనాటి కూలితో ఆనాటి పడకకు డబ్బు కట్టవలెను. పని దొరకనినాడు పడకయు లేదు. ఒకే గదిలో అంతస్తులుగా అమర్చిన బల్లలపై పలువురు పరుండెడివారు. 1964 ఒలింపిక్ క్రీడలకై టోక్యోలో రోడ్లు, వంతెనలు, భవనములు కట్టిన చేతులలో సాన్యా కూలీల చేతులు ఎన్నియో కలవు. ఆ కూలీలు తమ బసలను ‘దోయా’ లనిరి. ‘యాదో’ అను మాటను తలక్రిందు చేసిన మాట యిది. మనుష్యుడు ఉండదగిన చోటు కాదని తమ పడకను తామే వెక్కిరించుకొనుటకు అట్లనిరని చెప్పుదురు.

1966లో సాన్యా అను పేరును పటములనుండి తొలగించి, ఆ నేలను వేరు పేర్లుగల పేటలలో కలిపివేసిరి. పేరు తీసినంతమాత్రమున పేదరికము పోవునా? జనులు నేటికిని ఆ పేటను ఆ పేరుతోనే పిలుచుచున్నారు. 1990 తరువాత జపాను వర్తకము మందగించి కట్టుబడి పనులు తగ్గెను. కూలీలు ముసలివారైరి. గదులు ఖాళీపడెను. 2002లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జపాను, కొరియా దేశములలో జరిగినపుడు విదేశీయులు చౌకబసలు వెదకికొనుచు అచటికి వచ్చిరి. కొందరు యజమానులు గోడలకు రంగు వేయించి, ఇంగ్లీషు పలకలు కట్టి, వారికి తలుపులు తెరచిరి.

నాకు దొరకినది మూడు చాపల గది. జపానువారు గదిని చాపలతో కొలుతురు. ఆ చాప పేరు ‘తతామి’. ఇంచుమించు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మూడు చాపల గదిలో ఒక మనిషి, ఒక పరుపు, ఒక పెట్టె పట్టును. నాలుగవదానికి చోటు లేదు. అద్దె రాత్రికి మూడు నాలుగు వేల యెన్లు, మన లెక్కలో రెండు వేల రూపాయల చుట్టుపట్ల. వాకిట చెప్పులు విడువవలెను. ఈ మర్యాద మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. మరుగుదొడ్డికి వేరు చెప్పులు దాని గుమ్మముకడనే యుండును. వానితో వరండాలోనికి వచ్చినచో చూచినవారు నవ్వుదురు. పరుపును ప్రొద్దుట మడచి పెట్టవలెను. గోడలు పలుచన, ప్రక్కగదివాడు దగ్గినను వినబడును. కావున గొంతెత్తి మాటలాడరాదు. మన తెలుగువారికి అన్నిటికంటె కష్టమైన నియమము ఇదియే.

స్నానము మాత్రము నాకు పరమ సంతోషమును కలిగించెను. ఇట్టి బసలలో స్నానపుగది అందరికిని ఉమ్మడి. చిన్న పీటపై కూర్చుండి, చెంబువంటి పాత్రతో నీళ్లు పోసికొని, ఒళ్లు శుభ్రముగా రుద్దుకొనిన పిమ్మటనే వేడినీటి తొట్టిలోనికి దిగవలెను. తొట్టిలో సబ్బునురుగు పడరాదు. ఆ నీటిలోనే తరువాత వచ్చువాడును దిగవలెను గదా!

ఇంతకంటె చిన్న బస కూడ కలదు. 1979లో ఒసాకా నగరమున కిషో కురొకావా అను వాస్తుశిల్పి కల్పనతో మొదటి ‘క్యాప్సూల్’ హోటలు వెలసెను. పిమ్మట అట్టివి టోక్యోలోను విస్తరించినవి. తేనెపట్టులోని అరలవలె ఒకదానిపై నొకటి పేర్చిన పెట్టెలవి. ఒక్కొక్కటి ఆరడుగుల పైచిలుకు పొడవు. వెడల్పును ఎత్తును మూడడుగులకు కొంచెము మించును. అందు పరుండవచ్చును, కూర్చుండవచ్చును. నిలుచుటకు వీలు లేదు. తలుపునకు బదులు తెర యుండును. సామానును బీరువాలో పెట్టి తాళము వేసికొందురు. కడపటి రైలు తప్పిపోయిన గుమాస్తాలకు ఈ బసలు ఎంతయో ఉపకరించినవి. తిరుమలలో యాత్రికుల వసతి సముదాయములందు ఉచితముగా ఇచ్చు చిన్న బీరువాను, పరుండు సాలను ఎరిగినవారికి ఈ యేర్పాటు మరీ వింతగా తోచదు. అందు ఒక రాత్రి గడిపితిని. నా వయస్సువారు పై అరకు నిచ్చెన ఎక్కుట అంత సుఖమైన పని కాదు.

గది ఏదైనను, లోనికి పోకముందు ఒక పుస్తకమున పేరును చిరునామాను వ్రాయవలెను. విదేశమునుండి వచ్చినవాడు తన దేశమును, పాస్‌పోర్టు సంఖ్యను గూడ తెలుపవలెను. ఈ పుస్తకము ఉండితీరవలెనని 1948 నాటి జపాను బసల చట్టము విధించుచున్నది. అదే చట్టమున మరియొక విశేషము కలదు. చోటున్నపుడు బస యడిగినవానిని యజమాని తన యిష్టానుసారము కాదనరాదు. కాదనదగిన కారణములేవో చట్టమే చెప్పును. 2003లో కుమమోతో మండలమున ఒక హోటలువారు, కుష్ఠువ్యాధి ఏనాడో నయమైన వృద్ధులు బసకు వత్తుమనగా, తక్కిన అతిథులకు ఇబ్బంది యని కాదనిరి. దేశమంతయు గగ్గోలెత్తెను. మరుసటి సంవత్సరము మండల ప్రభుత్వము ఆ హోటలును కొన్ని దినములు మూసివేయుమని ఆజ్ఞాపించెను. విచారకరమేమనగా, ఆ వృద్ధులనే దూషించుచు ఉత్తరములు వ్రాసినవారును ఉండిరి. విదేశీయుని మొగము చూచి గదులు లేవనువారు కూడ జపానులో లేకపోలేదు.

ఆ పుస్తకమున కులమునకు గడి లేదు. అది చూచినపుడు మన సత్రములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. దాతల ఔదార్యము గొప్పదే; కాని పలు సత్రములను ఏదో యొక కులమువారికొరకే కట్టించిరి. తక్కినవారికి వీధియరుగు, అంటరానివారని వెలివేయబడినవారికి అదియును లేదు. నేను హైస్కూలులో చదువు దినములలో ఒక పుణ్యక్షేత్రమునకు పోగా, సత్రపు గుమాస్తా మాతో వచ్చిన తోటి విద్యార్థిని ఊరు పేరు అడుగకముందే “మీరెవరు, బాబూ?” అనెను. ఆ ప్రశ్నకు అర్థము మాకందరికిని తెలియును. అతడు జవాబు చెప్పక, పక్కచుట్ట చంకను పెట్టుకొని రైలుస్టేషనువైపు నడచెను. కులము పేరిట మనుష్యులు ఎంతదూరము పోవుదురో మా చుండూరువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1991 ఆగస్టు 6వ తేదీన అచట ఎనిమిదిమంది దళితులు చంపబడిరి.

అమెరికాలోను లండనులోను చదివి వచ్చిన భీమరావు అంబేద్కరుగారు 1917లో బరోడా సంస్థానమున ఉద్యోగమునకు పోయిరి. కులము తెలిసిన ఏ హిందూ హోటలువారును చోటియ్యరని ఆయన యెరుగును. పార్సీల బస యొకటి ఉన్నదని విని అచటికి పోగా, పార్సీలు కానివారికి చోటు లేదనిరి. తుదకు ఆ బసను చూచుకొనువాడు, రోజునకు రూపాయిన్నరకు ఒప్పుకొని, పుస్తకమున పార్సీ పేరు వ్రాసికొనుటకు సమ్మతించెను. పదునొకండవ దినమున ఉదయము ఆయన కచేరీకి బయలుదేరుచుండగా పదిపండ్రెండుగురు కఱ్ఱలతో మేడ యెక్కి వచ్చిరి. సాయంకాలములోగా విడిచిపోవలెనని బెదరించిరి. మిత్రుల యిండ్లలోను చోటు దొరకలేదు. అంతటి విద్వాంసుడు నగరోద్యానమున ప్రొద్దుపుచ్చి, రాత్రి రైలున బొంబాయికి మరలిపోయెను. ఈ సంగతి ఆయనయే వ్రాసికొనిరి.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, హోటళ్లలో ప్రవేశమునకు కులమతములు అడ్డు కారాదని 15వ అధికరణమున శాసించెను. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము ధర్మశాలలను, సరాయిలను, ముసాఫిర్‌ఖానాలను పేరుపేరున పేర్కొన్నది. 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు పొందినది. ఇక నగరములలో అద్దెగది వెదకుచున్న మీ అన్నలను, అక్కలను అడిగి చూడుడు. సత్రపు గుమాస్తా ప్రశ్న ఎన్ని రూపములలో నేటికిని వినబడుచున్నదో వారు చెప్పగలరు.

సాన్యా బసలలో యాత్రికుల నడుమ ఆ పాతకూలీలు కొందరు నేటికిని కలరు. వారిలో పలువురు ప్రభుత్వమిచ్చు జీవనభృతితో అద్దె చెల్లింతురు. యాత్రికుడు నాలుగు దినములుండి పోవును. వారు సంవత్సరములు గడుపుదురు. నా బసలో ఎదురుగదివాడు అట్టివాడే. ఒకరి భాష ఒకరికి తెలియదు గనుక మా నడుమ తల వంచి నమస్కరించుకొనుటయే గాని మాటలు లేవు. ప్రొద్దుట ఉమ్మడి వంటింట నేను కాఫీ కాచుకొనుచుండగా అతడు ప్రక్కనే నిలిచి బియ్యము కడిగెడివాడు. కట్టెలు పోయి గ్యాసు పొయ్యి వచ్చినది. దాని వెల అద్దెలోనే చేరియున్నదని గుమాస్తా చెప్పెను.