కెమిస్ట్రీ భయమా? దర్శి బోరు దగ్గర మొదలుపెట్టండి

డెంటల్ హైజీనిస్ట్ కోర్సులో చేరిన పిల్లల్ని ఏది భయపెడుతోందని అడిగి చూడండి. నెత్తురు చూడటం కాదు, పళ్ళ పేర్లు కాదు, కెమిస్ట్రీ అంటారు. ఇంటర్లో బట్టీ కొట్టి, పరీక్ష హాలు దాటగానే వదిలించుకున్నామనుకున్న సబ్జెక్టు మళ్ళీ ఎదురొచ్చిందని దిగులు. దీనికి అందరూ ఇచ్చే సలహా "ఆత్మవిశ్వాసం పెంచుకో" అని. ఆ మాటతో ఒక్క లెక్క కూడా తేలదు. లెక్క సొంతంగా తేలాకే ఆత్మవిశ్వాసం వస్తుంది. కనుక కాస్త తెలిసిన చోట మొదలుపెట్టండి. మీది దర్శి వైపు అయితే, అదృష్టమో దురదృష్టమో, పాఠం మీ ఊరి నీళ్ళలోనే ఉంది.

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళనూ ఎముకలనూ పట్టే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని సంగతి మొదట బయటపడింది ఇక్కడే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన తోటి వైద్యులు దీని మీద వ్యాసం ప్రచురించారు. అప్పట్లో దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది. ఈ చరిత్ర చెప్పేవాళ్ళు తరచూ తలిచే ఊరు దర్శి దగ్గరి ముండ్లమూరు. అరక దున్నే ఎద్దులు కాళ్ళు పట్టేసి నడవలేకపోవడాన్ని ముందు గమనించింది రైతులేనని చెబుతారు. డాక్టర్లు ఆ తరువాత వచ్చారు.

ఇక మీ డెంటల్ చెయిర్లో కూర్చునే మనిషి దగ్గరికి వద్దాం. పత్తి, మిరప, పొగాకు పండే నేల ఇది. నోరు తెరిస్తే పళ్ళ మీద గోధుమరంగు కనిపిస్తుంది. అది పొగాకుదో, తమలపాకుదో, టీదో అయితే ఎనామిల్ పైన అంటుకున్న మరక. స్కేలింగ్‌కు, పాలిషింగ్‌కు పోతుంది. ఫ్లోరైడ్‌ది అయితే ఎనామిల్ తయారయ్యేటప్పుడే, అంటే చిన్నతనంలో చిగురు కింద పన్ను రూపుకట్టేటప్పుడే, లోపల జరిగిన లోపం. ఎంత రుద్దినా పోదు. గీకితే ఎనామిల్ పోతుంది. చాలాసార్లు రెండు వైపుల పళ్ళ మీదా ఒకే తీరులో, అడ్డంగా తెల్లటి గీతలతోనో మచ్చలతోనో ఉంటుంది. ఈ తేడా తెలియని మనిషి "సరిగ్గా తోముకోవా?" అని కసురుతాడు. పదహారేళ్ళ పిల్ల ఆ మాటకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంటుంది. రెండు మరకల మధ్య తేడా చెప్పగలిగితే సగం కెమిస్ట్రీ వచ్చినట్టే, సగం మర్యాద కూడా.

ఎందుకలా జరుగుతుంది? ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి: ఫ్లోరైడ్‌కు కాల్షియం అంటే మహా ఇష్టం. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్ కలిసిన ఆ ఖనిజాన్ని హైడ్రాక్సీ అపటైట్ అంటారు. ఫ్లోరైడ్ వచ్చి హైడ్రాక్సైడ్ స్థానంలో కూర్చుంటే ఫ్లోరపటైట్ అవుతుంది, ఆమ్లానికి అంత సులువుగా కరగదు. పేస్టులో ఫ్లోరైడ్ ఉండేది అందుకే. అదే ఇష్టం వల్ల ఎముకల్లోనూ పేరుకుంటుంది. పొరపాటున ఫ్లోరైడ్ ఎక్కువ మింగిన పిల్లవాడికి ప్రథమ చికిత్సగా పాలు పట్టడం కూడా ఇందుకే. పాలలోని కాల్షియం దాన్ని పట్టేస్తుంది. నీళ్ళలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ చాలావరకు దానితో జతకట్టి అడుగుకు దిగిపోతుంది. ఫ్లోరైడ్ ఉన్న రాళ్ళ మధ్య కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన భూగర్భజలంలో అది కరిగే మిగిలిపోతుంది. పన్ను, ఎముక, పాలు, బోరు అని నాలుగు పాఠాలుగా చదివితే నాలుగూ మరిచిపోతారు.

తరువాత భయపెట్టేవి కొలతలు. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. నీళ్ళలో అయితే లీటరుకు ఒక మిల్లీగ్రాము అనుకోవచ్చు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఒక బోరులో 3 ఉందనుకుందాం. మిరప కోతల్లో ఎండన పడి నాలుగు లీటర్లు తాగిన కూలీ ఒంట్లోకి 12 మిల్లీగ్రాములు పోయాయి. నీడన కూర్చుని రెండు లీటర్లు తాగిన మనిషికి 6. నీళ్ళు అవే, గాఢత అదే, మోతాదు వేరు. ఈ ఒక్క తేడా పట్టుబడితే ఫార్మకాలజీ కూడా సగం లొంగుతుంది. వెయ్యి పీపీఎం పేస్టులో గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. అంటే గ్రాము పేస్టు మింగిన పిల్లవాడు ప్రమాణం అంచున ఉన్న నీళ్ళు ఒక లీటరు తాగినట్టే.

ఇంకొకటి చేతితో వేయండి, ఫోను ముట్టుకోకుండా. క్లినిక్‌లో పూసే వార్నిష్ మీద 5 శాతం సోడియం ఫ్లోరైడ్ అని ఉంటుంది. సోడియం 23, ఫ్లోరిన్ 19, మొత్తం 42. 19ని 42తో భాగిస్తే సుమారు 0.452. అయిదు శాతంలో అంత వంతు 2.26 శాతం, అంటే 22,600 పీపీఎం. పీరియాడిక్ టేబుల్ ఎందుకని ఇంటర్లో విసుక్కున్నారు కదా, ఇందుకు.

పీహెచ్ కూడా అంతే. అంకె ఒకటి తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. పాచిలోని బ్యాక్టీరియా చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. పీహెచ్ సుమారు 5.5 కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. పిప్పిపన్నుకు పునాది అదే. కోలా పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. 5.5కూ దానికీ మధ్య మూడు మెట్లు, అంటే వెయ్యి రెట్లు. ఇది చెప్పడానికి లాగరిథమ్ అన్న మాట ఎత్తక్కర్లేదు. ఇంట్లో అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పి చూడండి. ఎక్కడ తడబడతారో అక్కడే మీకు అర్థం కాలేదన్నమాట. అద్దం ముందు చెప్పుకోవడం వద్దు, అద్దం ఎదురు ప్రశ్న వేయదు.

ఓపిక గురించి ఉపన్యాసం ఇవ్వను గానీ ఒక సంగతి చెబుతాను. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు ఊరి పిల్లల పళ్ళపై గోధుమ మరకలు చూసి కారణం వెతకడం మొదలుపెట్టాడు. నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని తేలింది 1931లో, అదీ ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చేతిలో. మరకలున్న ఆ పళ్ళే తక్కువగా పుచ్చుతున్నాయని కూడా మెకే గమనించాడు. తప్పు వెతుకుతూ మందు కనిపెట్టడం అలా జరిగింది.

రేపు క్లినిక్‌లో ఒక తల్లి నాలుగేళ్ళ బాబును తెచ్చి, "మాది ఫ్లోరైడ్ ఊరు కదమ్మా, పేస్టు మాన్పించమంటారా?" అని అడుగుతుంది. తడుముకోకండి. పేస్టు పంటి పైన పనిచేస్తుంది, చిక్కు మింగితేనే. బఠాణీ గింజంత చాలు, పక్కన నిలబడి ఉమ్మించాలని చెప్పండి. నీళ్ళు కాచి తాగుతున్నామంటే, కాస్తే ఫ్లోరైడ్ పోదని, నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుందని చెప్పండి. తరువాత మీరు ఒకటి అడగండి: "ఇంట్లో తాగేది బోరు నీళ్ళా, సాగర్ నీళ్ళా, ప్లాంటు క్యాన్లా? మరి వంటకు?" ఆవిడ చెప్పింది కేసు షీటు మీద రాసి, డాక్టరు గారి ముందు పెట్టండి.