పాలు పడని పసివాడు

పిల్లలూ! "మా చంటివాడికి పాలు పడవండీ" అనే మాట మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. మాట చిన్నదే. కాని దీని వెనుక రెండు వేరు వేరు ఇబ్బందులు దాగి ఉన్నాయి. ఒకటి పొట్ట ఉబ్బరంతో పోయేది. రెండోది ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చేది. ఏది ఏదో తెలియక పాలు పట్టినా ముప్పే, తెలియక మాన్పించినా ముప్పే. అదెట్లాగో చూద్దాం.

శంషాబాద్‌లో మా బడిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకరోజు పాఠం అయ్యాక నా దగ్గరికి వచ్చింది. వాళ్ల అమ్మానాన్నలిద్దరూ విమానాశ్రయంలో షిఫ్టు పనికి వెళ్తారు. పద్నాలుగు నెలల తమ్ముణ్ణి నాయనమ్మ, ఈ అమ్మాయి చూసుకుంటారు. తల్లిపాలు మాన్పించి బర్రెపాలు మొదలుపెట్టారు. తాగిన పావుగంటకే మూతి చుట్టూ ఎర్రని దద్దుర్లు, వెంటనే వాంతి. రెండుసార్లు అట్లాగే జరిగింది.

"సార్, పక్కింటివాళ్లు మేకపాలు పట్టమంటున్నారు. నాయనమ్మేమో పాలే వద్దు, గంజి చాలంటోంది. నెల రోజులుగా గంజే తాగిస్తున్నాం. ఎవరి మాట వినాలి?" అని అడిగింది.

నేను సైన్సు టీచర్నే గాని వైద్యుణ్ణి కాను. బాబును వెంటనే పిల్లల డాక్టరుకు చూపించమని ఇంటికి కబురు పంపాను. అయితే అడిగినది సైన్సు ప్రశ్న. అందుకని మరునాడు ఒక గ్లాసు పాలు తెచ్చి తరగతిలో బల్లమీద పెట్టాను. ఆ ప్రయోగం మీరూ చేయవచ్చు.

ఒక గ్లాసు పాలలో ఏముంది?

కాచని ప్యాకెట్ పాలు ఒక గ్లాసు తీసుకోండి. గోరువెచ్చగా వేడిచేసి, రెండు చెంచాల నిమ్మరసం పిండి కలపండి. పాలు విరిగిపోతాయి. పలుచని గుడ్డలో వడకట్టండి. గుడ్డలో మిగిలిన తెల్లని విరుగుడులో ముఖ్యమైనది కేసీన్ అనే మాంసకృత్తు. దానితోపాటు పాలలోని కొవ్వు కూడా ఉంటుంది.

కిందికి దిగిన తేటను ఇప్పుడు పెద్దల సాయంతో మరిగించండి. తేట మసకబారి, అందులో సన్నని తెల్లని పొరకలు తేలుతాయి. అవి తేటలో కరిగి ఉన్న వేరే మాంసకృత్తులు. వాటిలో బీటా లాక్టోగ్లోబ్యులిన్ ఒకటి. ఇది ఆవుపాలలో ఉంటుంది గాని తల్లిపాలలో ఉండదు. పొరకలను కూడా వడకట్టేస్తే మిగిలిన నీటిలో కంటికి కనిపించకుండా పాలచక్కెర, అంటే లాక్టోజ్, ఉంటుంది. ఈ తేటను తాగకండి, పారబోయండి.

ఆవుపాల మాంసకృత్తులలో కేసీన్ వంతు సుమారు 80 శాతం, తేటలోని వాటి వంతు 20 శాతం. మూడు భాగాలనూ గుర్తుంచుకోండి: కేసీన్, తేటలోని మాంసకృత్తులు, పాలచక్కెర. "పాలు పడవు" అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది పడటం లేదన్నదే అసలు ప్రశ్న.

చక్కెర అరగకపోతే

పాలచక్కెరను విడగొట్టడానికి మన చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది చాలకపోతే అరగని చక్కెర పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. దానితో కడుపుబ్బరం, గ్యాసు, నీళ్ల విరేచనాలు వస్తాయి.

ఈ విషయంలో మన హైదరాబాద్‌లోనే మంచి పరిశోధనలు జరిగాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వినోదినీ రెడ్డి, జితేందర్ పర్షాద్ భారతీయులలో లాక్టేజ్ కొరతపై 1972లో ఒక పరిశోధనా పత్రం ప్రకటించారు. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి చేసిన మరో అధ్యయనం 2012లో అచ్చయింది. పెద్దయ్యాక కూడా పాలచక్కెరను అరిగించుకొనే జన్యులక్షణం మన దేశంలో వాయవ్యాన ఎక్కువగానూ, దక్షిణాన, తూర్పున తక్కువగానూ ఉన్నదని అందులో తేలింది.

అయితే ఇది ఎక్కువగా పెద్దల సంగతి. తల్లిపాలలో పాలచక్కెర ఆవుపాలలో కంటే ఎక్కువ, దాదాపు 7 శాతం ఉంటుంది. దాన్ని అరిగించుకోవడానికి తగిన లాక్టేజ్‌తోనే బిడ్డ పుడుతుంది. తీవ్రమైన విరేచనాలు పట్టుకున్నప్పుడు పేగుపొర దెబ్బతిని కొద్దికాలం ఈ ఎంజైము తగ్గవచ్చు. పేగు మానగానే తిరిగి వస్తుంది. పైగా పాలచక్కెర అరగనందువల్ల దద్దుర్లు రావు. కనుక మన బాబు సంగతి వేరే అయి ఉండాలి.

కాపలావాళ్లు పొరబడితే

శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది. లోపలికి వెళ్లే ప్రతి సంచినీ అక్కడ భద్రతా సిబ్బంది పరీక్షిస్తారు. మన శరీరంలోనూ ఇట్లాంటి కాపలా ఉంది. అదే రోగనిరోధక వ్యవస్థ. రోగక్రిములను గుర్తుపట్టి అది ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది.

ఒక కాపలాదారు ఎవరి టిఫిన్ డబ్బానో చూసి బాంబు అని పొరబడ్డాడనుకోండి. ఆ డబ్బా ఫోటో తీసి ద్వారాలన్నింటి దగ్గరా అంటించాడు. ఇకమీదట ఆ డబ్బా ఎప్పుడు కనిపించినా గంటలు మోగుతాయి, జనం పరుగులు తీస్తారు. అపకారం చేసింది డబ్బా కాదు, ఆ గందరగోళం!

అలర్జీ ఇట్లాంటిదే. పాలలోని మాంసకృత్తును శరీరం శత్రువని పొరబడి, ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. మళ్లీ పాలు తగలగానే కొన్ని కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. వాటివల్లనే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, పిల్లికూతలు. ఇవి కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల కనిపిస్తాయి. ఐజీఈ ప్రమేయం లేని మరో రకం అలర్జీలో గంటలు, రోజులు గడిచాక వాంతులు, విరేచనాలు, మలంలో నెత్తుటి చారలు కనిపించవచ్చు.

'అలర్జీ' అనే మాటను 1906లో వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించాడు. ఐజీఈని 1966లో జపాన్ దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజాకా వెల్లడించారు.

మేకపాలు, పెరుగు, గంజి

ఇప్పుడు పక్కింటివారి సలహాను పరీక్షిద్దాం. మేకపాలు, బర్రెపాలు, ఆవుపాలు చూడటానికి వేరైనా వాటి మాంసకృత్తుల నిర్మాణం చాలావరకు ఒకటే. ఫోటోలోని డబ్బాకు రంగు మార్చినంత మాత్రాన కాపలావాడు వదలడు కదా! ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో చాలా ఎక్కువమందికి మేకపాలూ పడవు.

పెరుగు చేస్తే? తోడు వేసినప్పుడు పాలచక్కెర కొంత తగ్గుతుంది. అందుకే లాక్టేజ్ తక్కువైన పెద్దలకు పెరుగు పడుతుంది. కాని మాంసకృత్తు ఎక్కడికీ పోదు. కాచినా కేసీన్ చెడదు. అలర్జీ ఉన్న బిడ్డకు పెరుగూ మజ్జిగా పాలతో సమానమే.

ఇక గంజి సంగతి. ఇది మరీ ప్రమాదకరమైన పొరపాటు. 2001లో అమెరికాలోని అట్లాంటా వైద్యులు ఒక కేసును ప్రకటించారు. పాలు పడవని భావించి, 22 నెలల బాబుకు ఇంట్లో రోజుకు లీటరున్నర వరకు బియ్యంతో చేసిన పానీయం పట్టారు. మాంసకృత్తులు చాలక ఆ బాబుకు క్వాషియోర్కర్ వచ్చింది. కరువు కాటకాల్లో కనిపించే జబ్బు, ధనిక దేశంలో, ప్రేమగా పెంచే ఇంట్లో! తెల్లగా ఉన్నంత మాత్రాన గంజి పాలు కాదు.

మా విద్యార్థిని తమ్ముడి అంగన్‌వాడీ కార్డు తెప్పించి చూశాను. బరువు గీత ఆ నెలలో పైకి పోకుండా అడ్డంగా సాగింది.

పాలు తీసేస్తే ఏం పెట్టాలి?

మొదట డాక్టరు నిర్ధారించాలి. ఆయన జరిగినదంతా అడిగి, చర్మపరీక్షో రక్తపరీక్షో చేయిస్తారు. కొన్నిసార్లు రెండు నుంచి నాలుగు వారాలు పాలు మాన్పించి, తిరిగి తన సమక్షంలో కొద్దికొద్దిగా ఇచ్చి చూస్తారు. ఈ పరీక్షను ఇంట్లో మీరు చేయకూడదు. తల్లిపాలు తాగే బిడ్డ అయితే తల్లిపాలు మాన్పించనక్కరలేదు. అవసరమైతే తల్లి ఆహారంలో మార్పును డాక్టరే చెబుతారు.

ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన పోషకాహార నిపుణుల సిఫారసు. లెక్క వేద్దాం. రెండు కప్పుల పాలతో ఆ లెక్క తీరిపోతుంది. పాలు లేకుండా అయితే? రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 364 మి.గ్రా. ఉంటుంది. బిడ్డ తాగే జావకు 30 గ్రాముల పిండి వేస్తే వచ్చేది 109 మాత్రమే. 20 గ్రాముల తోటకూర వేస్తే మరో 60 కలుస్తుంది. మొత్తం 170. ఇంకా 330 తక్కువ! అందుకే డాక్టర్లు చాలాసార్లు కాల్షియం మందు రాసిస్తారు. లేదా మాంసకృత్తులను సన్నని ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేకమైన డబ్బాపాలు ఇమ్మంటారు. ఫోటోను చించి ముక్కలు చేస్తే కాపలావాడు గుర్తుపట్టలేడు కదా, అదే కిటుకు.

మాంసకృత్తుల కోసం మెత్తని పప్పన్నం, పెసరపప్పు కిచిడి, బాగా ఉడికిన గుడ్డు, ముళ్లు తీసిన చేప పెట్టవచ్చు. నెయ్యిలోనూ పాల మాంసకృత్తుల జాడలు మిగిలి ఉంటాయి కనుక నూనె వేయాలి. కొత్త పదార్థాన్ని ఒక్కొక్కటిగా, కొద్దిగా మొదలుపెట్టాలి. సోయాపాలు కూడా కొందరికి పడవు, డాక్టరును అడిగే ఇవ్వాలి.

మీ వంతు పని

ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది మీరే అయితే పొట్లాల మీది అక్షరాలు చదివే బాధ్యత మీదే. మిల్క్ సాలిడ్స్, వే, కేసీన్, కేసినేట్, బటర్ అన్నీ పాలే. పాలు ఉంటే ఆ సంగతి ప్యాకెట్టుపై తెలపాలని మన దేశ ఆహార నిబంధనలు చెబుతున్నాయి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనూ పాలపొడి ఉంటుంది. తక్కిన పిల్లలకు అది మంచి బలం. ఈ బిడ్డకు మాత్రం తగదని అంగన్‌వాడీ టీచరుకు ముందే చెప్పాలి.

ఒక హెచ్చరిక. తిన్న వెంటనే బిడ్డకు ఊపిరి ఆడకపోయినా, నాలుక వాచినా, ఒళ్లు తేలవేసినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి. 108కి ఫోను చేయండి. ఆ స్థితిలో మొదట ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్ సూది.

మన బాబుకు డాక్టరు పరీక్షలు చేయించి, పాల అలర్జీయే అని తేల్చారు. గంజి స్థానంలో రాగిజావ, పప్పన్నం, గుడ్డు, ఆయన రాసిన డబ్బాపాలు వచ్చాయి. మూడు నెలలకు కార్డులో గీత మళ్లీ పైకి లేచింది. ఈ అలర్జీ చాలామంది పిల్లల్లో బడి ఈడు వచ్చేసరికి పోతుంది. కనుక డాక్టరు ఏడాదికోసారి రమ్మన్నారు.

ఈసారి ఎవరైనా "పాలు పడవు" అంటే మీరు రెండు ప్రశ్నలు అడగండి: "తాగిన ఎంతసేపటికి, ఏమైంది? పాలు మానేసి, బదులుగా ఏం పెడుతున్నారు?"

ఆలోచించి జవాబు రాయండి

1. లాక్టేజ్ తక్కువైన తాతగారికి పెరుగు పడుతుంది, పాల అలర్జీ ఉన్న మనుమడికి పడదు. ఎందుకు?
2. పైన వేసిన కాల్షియం లెక్కలో రాగిపిండిని 50 గ్రాములు చేస్తే ఇంకా ఎంత తక్కువ పడుతుంది?
3. మీ ఇంట్లోని మూడు బిస్కెట్ పొట్లాలు చదవండి. పాలు ఏయే పేర్లతో ఉన్నాయో పట్టిక తయారుచేయండి.