రిషికేశ్‌లో ఆవకాయ మూత తియ్యకు చెల్లాయ్!

యోగా నేర్చుకోవడానికి రిషికేశ్ బయల్దేరుతున్నావటగా చెల్లాయ్! సంచిలో యోగా మ్యాట్ కంటే ముందు కందిపొడి, చేగోడీలు, ఆవకాయ సీసా దూరిపోయుంటాయి, నాకు తెలీదూ! దారికి కాస్త పెట్టుకో, కాదనను. అక్కడికి చేరాక మాత్రం ఆ సీసా మూత తియ్యకు.

ఎందుకంటావా? ‘హఠయోగ ప్రదీపిక’ అనే యోగ గ్రంథంలో స్వాత్మారాముడు సాధకులు మానుకోవాల్సిన వాటి జాబితా ఇచ్చాడు. కారం, పులుపు, ఉప్పు, నూనె, ఆవాలు! ఇక మన ఆవకాయలో మిగిలిందేముంది చెప్పు? గోధుమలు, బియ్యం, పెసలు, పాలు, నెయ్యి, శొంఠి మంచివన్నాడు. పొట్టలో పావు వంతు ఖాళీగా ఉంచమన్నాడు. ఆశ్రమాల్లో పెట్టే కిచిడీ, పప్పు, రొట్టె ఇంచుమించు ఆ పద్ధతే. మొదటి పూట చప్పగా ఉందని మూతి ముడవకు. తెల్లారి ముందుకు వంగే ఆసనం వేసినప్పుడు, రాత్రి తేలిగ్గా తిన్నావో లేదో నీ పొట్టే చెబుతుంది.

అన్నట్టు, అక్కడ గుడ్డు కోసం వెతక్కు. మాంసం, చేపలు, గుడ్ల అమ్మకం మీద ఆ ఊళ్లో నిషేధం ఉంది. 2004లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

తపోవన్ వైపు కేఫుల్లో పాస్తాలూ స్మూతీలూ బోలెడు. అవి మన హైదరాబాద్‌లో దొరకవా ఏం? అక్కడి కొండవాళ్ల గఢ్వాలీ థాలీ ఎక్కడ పెడతారో అడిగి మరీ వెళ్లు, అది అన్నిచోట్లా ఉండదు. మండువా రొట్టె రాగులతో చేస్తారు. ఝంగోరా ఖీర్ ఊదలు పాలలో ఉడికించిన పాయసం. గహత్ పప్పు ఉలవలదే. ఉలవచారంటే ప్రాణం పెట్టేవాళ్లం, మనకది పరాయిదెలా అవుతుంది? తాలింపులో జఖియా గింజలు చిటపటలాడితే ఆ ఘుమఘుమే వేరు. భంగ్ గింజల చట్నీ వడ్డిస్తే కంగారుపడకు, మత్తుండేది ఆకులోనూ పూతలోనూ, గింజలో కాదు. బురాంశ్ పూల ఎర్రటి షర్బత్ కూడా రుచి చూడు.

ఆలూ పూరీ తినాలనిపిస్తే క్లాసు అయ్యాకే తిను. కడుపునిండా తిన్నాక ఆసనాలకి మూడు నాలుగు గంటలు ఆగాలి. బండి దగ్గరైతే కళ్లముందు వేడిగా వండింది తిను. కోసిపెట్టిన పండ్లు, పానీపూరీ నీళ్లు వద్దు. గంగ నీళ్లు నెత్తిన చల్లుకో చాలు, తాగడానికి మరిగించినవో సీలున్న సీసావో చూసుకో. పొట్ట చెడితే మంచం దిగలేవు, ఇక ఆసనాలేం వేస్తావు?

ఇన్ని చెప్పానని భయపడి గదిలో బిస్కెట్లు తింటూ కూర్చోకేం! ఒక్కపూటైనా ఆ కొండవాళ్ల వంట కడుపారా తిని రా. పావు వంతు మాత్రం ఖాళీ ఉంచు సుమా!