వానాకాలంలో గుర్రాల కాలిపుండ్లు: చర్మం అతికించే చికిత్స

నెల్లూరు తీరానికి ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది కనుక, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల్లో బండికో ఊరేగింపులకో గుర్రాన్ని, బరువులకు గాడిదను పోషించేవారు ఈ మూడు నెలలూ వాటి కాళ్లను రోజూ తడిమి చూసుకోవాలి. రొయ్యల గుంటల గట్లపై కట్టిన ముళ్లతీగ, పారవేసిన వలతాడు, బురదలో దిగబడిన రేకుముక్క నీరు నిలిచినప్పుడు కంటికి కనబడవు. ఎద్దుకు తగిలిన గాయం చాలావరకు అంచులు దగ్గరపడి మానుతుంది గాని, గుర్రానికి మోకాలి దిగువన తగిలినది అంత సులభంగా మానదు.

ఆ భాగంలో కండ లేదు, రక్తప్రసరణ తక్కువ, చర్మం ఎముకకూ స్నాయువులకూ బిగుతుగా అంటుకుని ఉంటుంది. డొక్కపై గాయం మీదికి కొత్త చర్మం రోజుకు సుమారు 0.2 మిల్లీమీటర్లు జరిగితే, కాలి దిగువన 0.09 మిల్లీమీటర్లే జరుగుతుంది. అంటే 6 సెంటీమీటర్ల వెడల్పున చర్మం ఊడిన చోట రెండు అంచులూ కలవడానికి దాదాపు 11 నెలలు కావాలి. ఈలోగా పుండు అడుగున పుట్టే ఎర్రని కొత్త కండ చర్మం మట్టాన్ని దాటి పైకి ఉబుకుతుంది. దుర్మాంసం అనేది దీనినే. దీనిలో నరాల స్పర్శ ఉండదు కాబట్టి కోసినా గుర్రానికి నొప్పి తెలియదు, నెత్తురు మాత్రం ధారకడుతుంది. అందుచేత ఆ కోత పశువైద్యుని చేతిలోనే జరగాలి. పొట్టి జాతి గుర్రాల గాయాలు పెద్ద గుర్రాల గాయాలకంటే త్వరగా మానుతాయన్నది కొంత ఊరట.

గాయమైన వెంటనే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి ధారగా పోసి మట్టి పోయేదాకా కడగాలి. కీలు దగ్గరి గాయం నుంచి పసుపుపచ్చగా, వేళ్ల మధ్య జారే ద్రవం కారితే కీలు తెరుచుకున్నట్టే. అప్పుడు ఒక పూట ఆలస్యం చేసినా గుర్రం జీవితాంతం కుంటవచ్చు. ధనుర్వాతానికి గుర్రం అంతగా లొంగే పెంపుడు జంతువు మరొకటి లేదు, ఆ క్రిమి బీజాలేమో పేడలోనూ మట్టిలోనూ ఉండనే ఉంటాయి. టీకా వేయించని గుర్రానికి గాయమైన రోజే విరుగుడు సూది వేయించాలి. మైలుతుత్తం, సున్నం, ఫినాయిల్ వంటివి దుర్మాంసాన్ని కాల్చే మాట నిజమే గాని, దానితోపాటు అంచున అప్పుడే పుడుతున్న లేత చర్మాన్నీ కాల్చివేస్తాయి కాబట్టి, వీటివల్ల జరిగే మేలుకంటే కీడే ఎక్కువ.

పుండు నెల దాటినా మూతపడకపోతే చర్మం అతికించే చికిత్స, అంటే స్కిన్ గ్రాఫ్టింగ్, గురించి వైద్యుని అడగాలి. స్విట్జర్లాండ్ వైద్యుడు రెవెర్డాన్ 1869లో మనుషుల పుండ్లపై చిన్న చిన్న చర్మపు తునకలు నాటి చూపిన పద్ధతే గుర్రాలకూ పనికివస్తోంది. గుర్రానికి మత్తుమందు ఇచ్చి, నిలబెట్టే, జూలు కిందనుంచో పొట్ట అడుగునుంచో, ఆ చోటు మొద్దుబారేలా సూది వేసి, చర్మాన్ని తునకలుగా తీసి, పుండు పైని ఎర్రకండలో వరుసగా చేసిన చిన్న గుంటల్లో ఒక్కొక్కటిగా దించుతారు. తునకలు తొలి రెండు రోజులు కింది నుంచి ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతాయి. ఆపై నాలుగైదు రోజుల్లో కొత్త రక్తనాళాలు వాటితో కలుస్తాయి. మామిడి అంటు కదిలితే చచ్చినట్టే, ఈ రోజుల్లో కట్టు కిందా మీదా జరిగితే తునకలు నిలవవు. రెండు మూడు వారాలకు వాటి పైపొర నల్లబడి రాలడం చూసి చికిత్స విఫలమైందని బెంబేలెత్తి కట్టు పీకేవారున్నారు. అడుగుపొర బతికే ఉండి, అక్కడినుంచే చర్మం నలువైపులా పాకుతుంది. మొలిచే వెంట్రుకలు పలుచగా, వేరే రంగులో ఉండవచ్చు.

నాటడానికి పుండు శుభ్రంగా ఉండడం ముఖ్యం. చీము పట్టించే స్ట్రెప్టోకాకస్ క్రిములు తునకలను అంటిపెట్టే రక్తపు జిగురునే కరిగిస్తాయి. దొరువుల్లో, చెరువు మూలల్లో నిలిచిన నీటిలో బతికే పిథియం అనే క్రిమి సోకిందా అన్నది ఈ తీరంలో మరింత జాగ్రత్తగా చూడాలి: గుర్రం పుండును కొరుక్కునేంత దురద, తీగలుగా సాగే జిగట స్రావం, కోస్తే లోపల పసుపుపచ్చని గట్టి పలుకులు దాని ఆనవాళ్లు. ఇది శిలీంధ్రంలా కనిపించినా నిజమైన శిలీంధ్రం కాదు గనుక మామూలు బూజు మందులకు అంతగా లొంగదు. తొందరగా పుండునంతా కోసి తీయించక ముందు దానిపై చర్మం నాటడం వృథా.

అత్యవసరం కాని నాటును వానలు తగ్గేదాకా ఆపడం మంచిది. ఆపలేకపోతే మొదట ఎత్తయిన పొడి నేల, మీద కప్పు, పొట్టు పరుపు, కట్టు తడవకుండా ప్లాస్టిక్ తొడుగు సిద్ధం చేసుకోవాలి. తొలి కట్టును వైద్యుడు చెప్పిన రోజునే, సాధారణంగా నాలుగైదు రోజులకు, విప్పించాలి. దూదిపొర సమంగా లేకుండా బిగిస్తే కాలి వెనుక స్నాయువులు దెబ్బతింటాయి. ఈగలు వాలకుండా పుండు చుట్టూ వెంట్రుకలకు వేపనూనె రాయవచ్చు గాని పుండులో పోయరాదు. శస్త్రచికిత్స అవసరమని స్థానిక పశువైద్యుడు చెబితే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లాలి; అత్యవసరంలో సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోను చేయాలి.