సందేహాలు – సమాధానాలు: చైనా వారి బియ్యం జావ

ప్రశ్న: హాంకాంగ్‌లో ఉండగా తిన్న బియ్యం జావ ఇంట్లో చేస్తే మెతుకులు అడుక్కి దిగి, నీళ్లు పైకి తేలుతున్నాయి. ఎందుకని?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీరు తిన్నది కాంటన్ పద్ధతి జావ, 'జుక్'. అందులో మెతుకు పూర్తిగా విచ్చుకుని పిండి నీళ్లలో కలిసిపోవాలి. అందుకు గంట, గంటన్నర పడుతుంది. కప్పు బియ్యానికి పది కప్పుల నీళ్లు పోయండి. కడిగి వడగట్టిన బియ్యానికి చెంచాడు నూనె, చిటికెడు ఉప్పు పట్టించి అరగంట ఉంచి, నీళ్లు కళపెళా కాగుతున్నప్పుడు వెయ్యండి. అడుగంటకుండా ఒకసారి కలిపి, మంట తగ్గించి, మూత ఓరగా పెట్టండి. అసలు పని చివరి పది నిమిషాల్లో ఉంది. ఆపకుండా తిప్పితే మెతుకులు రాసుకుని చిక్కదనం వస్తుంది. మీ జావకు కొరవడింది బహుశా ఇదే. తొందరగా కావాలంటే కడిగిన బియ్యాన్ని రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. గింజలోని తడి గడ్డకట్టి గింజను చీలుస్తుంది కనుక అరగంటలో ఉడుకుతుంది. బాస్మతి వద్దు, సోనా మసూరి చాలు.

అయితే కాంటన్ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోనే చావోజౌ వాళ్లు మెతుకు విడివిడిగా ఉండగానే దించి, ఉప్పు చేపలు, ఊరబెట్టిన ఆవ ఆకులు నంజుకుంటారు. కాబట్టి మీరు చేసినదాన్ని పారబోయకండి.

ప్రశ్న: కుక్కర్‌లో చేయొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: చేయొచ్చు, సగానికి మించి నింపకండి. గంజి నురగ ఆవిరి దారిని మూసేస్తుంది. ఆవిరి దానంతటదే పోయాకే మూత తీయండి.

ప్రశ్న: నాన్నగారికి జ్వరం తగ్గింది కానీ ఏదీ సయించడం లేదు. షుగర్ ఉంది. ఈ జావకు పోపు పెట్టి ఇవ్వనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: పోపు వద్దమ్మా. జావ చప్పగా ఉంటేనే పైన వేసే అల్లం తురుము, ఉల్లికాడలు, తెల్ల మిరియాల పొడి నాలుకకు తెలుస్తాయి. చైనావాళ్లు వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె రెండు చుక్కలు వేస్తారు. మన నువ్వుల నూనెకు ఆ వాసన ఉండదు, వేయించిన నువ్వులు నలిపి చల్లండి. షుగర్ విషయం మాత్రం గట్టిగా చెప్పాలి: ఇంత మెత్తగా ఉడికిన బియ్యం రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. చిన్న గిన్నెడే ఇచ్చి, అందులో ఉడికించిన గుడ్డో, చీల్చిన కోడిమాంసమో కలపండి. రోజూ పెట్టే ఉద్దేశం ఉంటే డాక్టరుగారిని అడగండి. మిగిలినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వేడినీళ్లు పోసి మరిగించి ఇవ్వండి. రాత్రంతా బయట ఉన్నదాన్ని మాత్రం పెట్టకండి. అందులో పెరిగే కొన్ని బ్యాక్టీరియా వదిలే విషం మరిగించినా పోదు.