రథమును కోరనివాడు

వేదపాఠము
చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 17:14-20, నిర్గమకాండము 21:28-32, మార్కు 10:46-52, అపొస్తలుల కార్యములు 8:26-40.



మన పట్టణ సంఘములలో ఒక తరహా విశ్వాసి అక్కడక్కడ కనబడుచున్నాడు. అతనికి మంచి ఉద్యోగమున్నది, జీతమున్నది, పిలిచి అప్పిచ్చుటకు బ్యాంకువారును సిద్ధముగా నున్నారు. అయినను అతడు కారు కొనడు. కొందరు నడుపుట నేర్చుకొని లైసెన్సు తీసికొని కూడ, తమంతట తామే నడుపుట మానుకొనిరి. ఆదివారమున బస్సు దిగి, బైబిలు చంకన బెట్టుకొని నడచి గుడికి వచ్చుదురు. వీరిని చూచి పిసినారితనమని కొందరందురు. ఎంత తగ్గింపు జీవితమో అని మరికొందరు మెచ్చుకొందురు. బంధువులు, అందులో ముఖ్యముగా అత్తవారు, ఇది పిచ్చి అని తేల్చి చెప్పుదురు. ఏది నిజమో తెలిసికొనుటకు ఈ సంగతిని లేఖనముల యెదుట పెట్టి చూడవలసియున్నది.

బైబిలులో కార్లు లేవు గాని రథములును గుఱ్ఱములును విస్తారముగా నున్నవి. ఇశ్రాయేలీయులకు రాజు కలుగక మునుపే మోషే ఆ రాజునకు మూడు హద్దులు పెట్టెను. గుఱ్ఱములను విస్తారముగా సంపాదింపకూడదు; భార్యలను విస్తరింపజేసికొనకూడదు; వెండి బంగారములను అధికముగా కూర్చుకొనకూడదు. ఈ మూడింటిలో గుఱ్ఱమును మొదట పెట్టుట మనకు వింతగా తోచును. బంగారమువలన పాపము కలుగునని మనకు తెలియును గాని, ఎక్కి తిరుగు జంతువు చేసిన నేరమేమి? కారణము ఆ వచనములోనే యున్నది. గుఱ్ఱములు కావలెనన్న ఐగుప్తునకు పోవలెను. దేవుడు ఏ దాస్యములోనుండి వారిని విడిపించెనో ఆ దేశముతోనే బేరము పెట్టుకొనవలెను. రథము కావలెనను కోరిక మనిషిని ఎవరి గుమ్మము దగ్గరకు తీసికొనిపోవుచున్నదో ధర్మశాస్త్రము చూచుచున్నది.

తరువాత జరిగిన చరిత్ర చూడుడి. రాజు కావలెనని జనులు పట్టుబట్టినప్పుడు సమూయేలు హెచ్చరించిన మొదటి సంగతి, రాజు మీ కుమారులను పట్టుకొని తన రథముల ముందర పరుగెత్తించునని. అబ్షాలోము తండ్రిమీద తిరుగబడుటకు ముందు చేసిన పని ఏమి? ఒక రథమును గుఱ్ఱములను సిద్ధపరచుకొని, ముందర పరుగెత్తుటకు ఏబదిమందిని పెట్టుకొనెను. అదోనీయాయు రాజు కాదలచి అట్లే చేసెను, ఆ ఏబదిమంది లెక్కతో సహా. సొలొమోనుకు 1,400 రథములును 12,000 మంది రౌతులును ఉండిరి. గుఱ్ఱములు ఐగుప్తునుండియే వచ్చెను. ఆయన చనిపోయిన వెంటనే జనులు వచ్చి, నీ తండ్రి మా కాడిని బరువు చేసెను, తేలిక చేయుమని మొఱ్ఱపెట్టిరి. కుమారుడైన రెహబాము వినలేదు. కడపట అతడేమి చేసెనో 1 రాజులు 12:18లో చదువుడి. తొందరగా రథమెక్కి యెరూషలేమునకు పారిపోయెను. తండ్రి కూర్చిన రథములు కుమారునికి పనికివచ్చినది అందుకే!

అయితే రథము పాపమని లేఖనము ఎక్కడను చెప్పలేదు. యోసేపు ఐగుప్తులో రథమెక్కెను. అంతకంటె శ్రేష్ఠమైన సంగతి, వృద్ధుడైన తండ్రిని తీసికొని వచ్చుటకు అతడు బండ్లను పంపెను. కుమారుడు బ్రదికియున్నాడను మాటను యాకోబు నమ్మలేకపోయెను; గుమ్మము ముందర ఆ బండ్లను చూచినప్పుడే అతని ప్రాణము తెప్పరిల్లెను. కాబట్టి వాహనములు రెండు విధములు. ఒకటి అబ్షాలోము రథము, మరియొకటి యాకోబు కొరకు వచ్చిన బండి. మన యింటి ముందర నిలుచునది ఏ విధమైనదో మనమే చెప్పుకొనవలెను.

ఇప్పుడు మన ప్రభువును చూడుడి. ఆయన నడచెను. యెరికోనుండి యెరూషలేమునకు సుమారు 25 కిలోమీటర్లు. యెరికో సముద్రమట్టముకంటె క్రిందనున్నది, యెరూషలేము కొండలమీద నున్నది, గనుక దాదాపు 1,000 మీటర్ల ఎక్కుడు. మరణమును ఎదుర్కొనుటకు పోవుచు ఆయన ఆ దారిని కాలినడకనే ఎక్కెను. ఒక్కసారి మాత్రము గాడిదపిల్లనెక్కెను. అదియు అరువు తెచ్చినది, మరల పంపెదమని చెప్పి తెచ్చినది.

ఆయన నడచుటవలన ఏమి జరిగెను? దారిప్రక్కన కూర్చున్న బర్తిమయి కేకవేసెను, ఆ కేక ఆయనకు వినబడెను, ఆయన నిలిచెను. యాయీరు ఇంటికి తొందరగా పోవలసియుండగా జనసమూహములో ఒక స్త్రీ ఆయన వస్త్రమును ముట్టెను. ఎవరు ముట్టిరని ఆయన వెనుకకు తిరిగెను. ఎమ్మాయు దారిలో ఆమడ దూరము ఇద్దరు శిష్యులతో నడచుచు మాటలాడెను. ఇవన్నియు నడిచేవాని వేగములో జరుగు పనులు. అద్దములు ఎత్తి, ఏసీ వేసికొని, పాటలు పెట్టుకొని పోవువానికి బర్తిమయి కేక వినబడదు. అతడు దుర్మార్గుడు కాడు, వినబడదు, అంతే. కారు మానుకొనిన సహోదరులు తరచుగా చెప్పు మాటయు ఇదియే. నడువసాగిన తరువాత తమ వీధిలో ఎవరెవరు నివసించుచున్నారో తెలిసినదని చెప్పుదురు.

రథమున్నవానికి రక్షణ లేదా? ఐతియొపీయుడు రథములో కూర్చుండియే యెషయా గ్రంథము చదువుచుండెను. ఫిలిప్పు కాలినడకన పరుగెత్తి వచ్చి అతని కలిసికొనెను. ఆ అధికారి చేసిన మంచి పని యేదనగా, ధూళి కాళ్లతోనున్న ఆ మనుష్యుని ఎక్కి తనతో కూర్చుండుమని వేడుకొనెను. తరువాత బాప్తిస్మము కొరకు రథమును ఆపించి దిగెను. దిగుట తెలిసినవానికి రథము అడ్డము కాలేదు. మంచి సమరయుని విషయము మరియొకటి. ఆయనకు వాహనమున్నది గనుకనే గాయపడినవాని ఎక్కించగలిగెను. అయితే తన వాహనముమీద వానిని ఎక్కించిన తరువాత తాను నడిచియే యుండవలెను. దీనిని మనము అంతగా ఆలోచింపము.

ఇక సంఘములుగా ఈ ప్రశ్నను ఎదుర్కొనిన వారున్నారు. అమెరికాలో పెన్సిల్వేనియా, ఒహాయో మొదలైన రాష్ట్రములలో ఆమిష్ అను క్రైస్తవులు నివసించుచున్నారు. 1908లో ఫోర్డు కంపెనీ సామాన్యులకు అందు వెలలో కారు తెచ్చినప్పటినుండి అది పల్లెలకు వ్యాపించెను. ఆ శతాబ్దపు మొదటి దశాబ్దములలోనే ఆమిష్ పెద్దలు తమ సభ్యులు కారు కలిగియుండకూడదని నిర్ణయించిరి. నేటికిని వారు గుఱ్ఱపుబండి మీద తిరుగుచున్నారు. కారు దయ్యపు పని అని వారు చెప్పరు. దూరము పోవలసివచ్చినప్పుడు, ఆసుపత్రికి వెళ్లవలసివచ్చినప్పుడు, ఇతరుల కారును డ్రైవరుతో సహా బాడుగకు తీసికొని ఎక్కుదురు. సొంతముగా ఉంచుకొనరు, నడుపరు. బయటివారికి ఇది వేషధారణగా తోచును. నాకు అట్లు తోచదు. వారు వేసికొనిన ప్రశ్న వేరు: ఇది మన మధ్యకు వచ్చిన యెడల మన సంఘము ఏమగును? ఒక్కొక్క సంఘములో కొద్ది కుటుంబములే యుండి, ఆదివారము విడిచి ఆదివారము ఇండ్లలోనే ఆరాధించు జనము వారు. గుఱ్ఱము పోగలిగినంత దూరములోనే పొరుగువారు, బంధువులు, సంఘము ఉండును. కారు వచ్చిన యెడల ప్రతివాడును తనకిష్టమైన దిక్కునకు పోవునని వారు గ్రహించిరి. దీనికి వెల లేకపోలేదు. 1927లో పెన్సిల్వేనియాలో మోజెస్ బీచీ అను పెద్దను అనుసరించినవారు వేరైపోయి, అటు తరువాత కార్లను అంగీకరించిరి.

యూదులలోను ఇట్టిదే జరిగెను. ఒలీవల కొండ యెరూషలేమునకు విశ్రాంతిదినమున నడవదగినంత సమీపముననున్నదని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో చదువుదుము. ఆ కొలతవలన జనులు సమాజమందిరమునకు దగ్గరగా కాపురముండవలసివచ్చెను. 1950లో అమెరికాలోని కన్సర్వేటివ్ యూదుల ధర్మశాస్త్ర సంఘము, మందిరమునకు వచ్చుట కొరకు మాత్రము సబ్బాతున కారు నడుపవచ్చునని తీర్పిచ్చెను. ఉద్దేశము మంచిదే, దూరముననున్నవారు ఆరాధన మానకూడదని. ఆర్థడాక్సు యూదులు ఒప్పుకొనలేదు. నేటికిని వారు సబ్బాతున నడచి పోగలిగినంత దూరములోనే ఇండ్లు చూచుకొందురు. ఆ తీర్పువలన మేలు కలిగెనా, జనులు మరింత దూరము చెదరిపోయిరా అని కన్సర్వేటివ్ సమాజములోనే తరువాత వాదములు రేగెను.

మనము ఆమిష్‌వారమును కాము, యూదులమును కాము. వారి కట్టడలను తెచ్చి మన సంఘములకు తగిలింపనక్కరలేదు. అయితే వారి ప్రశ్న మనము ఎన్నడైన వేసికొంటిమా? వీధి చివరనున్న గుడిని విడిచి పది మైళ్ల దూరముననున్న పేరుగల ప్రసంగీకుని దగ్గరకు కారులో పోవువారు మనలో ఎందరు! అక్కడ ప్రసంగము మంచిదే కావచ్చును. కాని జ్వరము వచ్చి మంచమెక్కినప్పుడు గంజి తెచ్చి యిచ్చునది ఎవరు?

మన దేశములో ఈ సంగతికి మరి రెండు ముఖములున్నవి, వాటిని దాటిపోకూడదు.

మొదటిది కట్నము. 1961 నుండి వరకట్న నిషేధ చట్టమున్నది. అయినను పెండ్లి మాటలలో పెండ్లికుమారునికి కారు అను మాట వచ్చుచునే యున్నది, క్రైస్తవ కుటుంబములలోను వచ్చుచున్నది. అడుగుట సిగ్గు గనుక, మీ అమ్మాయి సుఖము కొరకే అందురు. ఆ కారు కొరకు పొలము అమ్మిన తండ్రులున్నారు. ఇట్లు వచ్చిన కారులో కూర్చుండి గుడికి వచ్చి, ముందు వరుసలో నిలిచి కీర్తన పాడుట ఎట్లు? అది సమూయేలు చెప్పిన రథము; దాని ముందర పరుగెత్తుచున్నది ఆ ముసలి తండ్రి. వివాహమునకు సిద్ధపడు యౌవనుడు నాకు కారు వద్దని నోరు తెరచి చెప్పిన యెడల అది ఎన్నో ఉపవాసములకు సమానమని నా అభిప్రాయము.

రెండవది ప్రాణము. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022లో మన దేశపు రోడ్లమీద ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. వారిలో దాదాపు అయిదుగురికి ఒకరు కాలినడకన పోవువారే. నిర్గమకాండములో పొడిచే యెద్దును గూర్చిన న్యాయవిధి యున్నది. ఎద్దు అకస్మాత్తుగా మనిషిని పొడిచి చంపిన యెడల ఎద్దునే చంపవలెను, యజమానుడు నిర్దోషి. కాని అది పొడుచు ఎద్దని ముందే తెలిసి, హెచ్చరిక పొంది కూడ, దానిని కట్టివేయక విడిచిన యెడల నేరము యజమానునిదే. బలమైన వస్తువును ఉంచుకొనువాడు దాని బలమునకు జవాబుదారి. తన చూపు మందగించినదని తెలిసియు నడుపువాడు, రాత్రి నిద్రకండ్లతో బండి తీయువాడు, త్రాగి తాళపుచెవి చేత పట్టువాడు, పదునాలుగేండ్ల కుమారునికి ముద్దుగా బండి యిచ్చు తండ్రి, వీరందరు హెచ్చరిక పొందిన యజమానులే. నాకు నడుపు నేర్పున్నది గాని ఓపిక లేదు, కోపము వచ్చును, కావున నడుపను అని మానుకొనువాడు పిరికివాడు కాడు. తన యెద్దును ఎరిగి కట్టివేసినవాడు.

అయితే ఇందులో సాతాను పన్ను ఉచ్చులు లేకపోలేదు. కారు లేదను గర్వము కారున్నదను గర్వముకంటె సన్నగా నుండును గాని దానికంటె తేలికైనది కాదు. వారమునకు రెండు మారులు ఉపవాసము చేయుదునని దేవాలయములో చెప్పుకొన్న పరిసయ్యుడు ఈ దినములలో వారమునకు ఆరు దినములు బస్సెక్కుదునని చెప్పును. మరియొకటి: తాను కారు మానితినని చెప్పి, ప్రతి ఆదివారము, ప్రతి పెండ్లికి, ప్రతి ప్రయాణమునకు ఇంకొక సహోదరుని కారులో ఎదురుసీటున కూర్చుండువాడు, విడిచినది వాహనమును కాదు, పెట్రోలు ఖర్చును మాత్రమే. ఆమిష్‌వారైన బాడుగ యిచ్చుదురు.

మానుకొనుటయను మాట అందరికి చెల్లదు. కొనలేనివానికి మనము తగ్గింపును బోధింపకూడదు. అతడు ఇదివరకే నడచుచున్నాడు, అతనికి కావలసినది మన ప్రసంగము కాదు, బస్సు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ప్రభుత్వ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైనది. కాళ్లు చచ్చుపడినవారు, రాత్రి విధులు ముగించుకొని వచ్చు నర్సులు, నాలుగైదు గ్రామములను కాయు పాస్టరులు, వీరికి వాహనము యాకోబు బండి వంటిది. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిన వి. ఎస్. అజరయ్యగారు ఎద్దులబండి మీద గ్రామములు తిరిగిరి. వారి కాలమున రోడ్లు అట్టివి. నేటి పాస్టరు బండి కొనెనని ఆ కథ చెప్పి దెప్పిపొడుచుట న్యాయము కాదు. పోయి గ్రామములలో దిగుచున్నాడా లేదా అన్నదే విచారింపవలెను.

పౌలు త్రోయలో తన సహవాసులను ఓడ యెక్కించి, తాను అస్సు వరకు కాలినడకన పోవ నిర్ణయించుకొనెను. సుమారు 30 కిలోమీటర్ల దారి. ఎందుకో లూకా వ్రాయలేదు. ఓడ ఎక్కినవారు తక్కువవారని పౌలు అనలేదు, నడచినందుకు వారును పౌలును ఆక్షేపింపలేదు. అస్సులో కలిసికొని అతనిని ఎక్కించుకొని సాగిపోయిరి.

ఈ నెల గృహకూటములలో ఈ పాఠము చదువునప్పుడు పెద్దలు ఈ సంగతులను మాటలాడింపవలెనని కోరుచున్నాము. మన గుడి ఆవరణలో కార్లు నిలుపుటకు ఎంత స్థలము విడిచితిమి, బస్సు దిగి ఎండలో నడచి వచ్చు ముసలమ్మ కూర్చుండుటకు ఎంత నీడ విడిచితిమి? కారున్న కుటుంబములలో రెండు సీట్లు ఖాళీగా వచ్చునవి ఎన్ని, ఆ దారిలోనే నడచి వచ్చువారు ఎవరు? పేర్లు వ్రాసికొనుడి. పెండ్లి మాటలు జరుగుచున్న యిండ్లవారు కూటములో ఉన్న యెడల కట్నపు కారు సంగతి మొగమాటము లేక ఎత్తుడి, పెండ్లికుమారుడు కూర్చుండియుండగానే.